నింపుడు సామాను

కళ్లజోళ్ల దుకాణం పైన రెండు గదులున్నాయి. ముందు గదిలో మూడు బల్లలు, ఐదు తెరలు, ఎవరి కాలికి తగిలినా ఇంకెవరో ఒకరి పని ఆగిపోయేలా నేలంతా తీగలు. వెనక గదిలో గోడలకు పాత పరుపులు నిలబెట్టి కట్టేశారు. అది శబ్దాల గది. ఈ రెండు గదుల్లో ముగ్గురు మనుషులు కూర్చుని వీడియో గేములు తయారుచేస్తారు. ఎక్కడెక్కడివాళ్లో వాటిని డౌన్‌లోడ్ చేసుకుని ఆడుకుంటారు. కింద దుకాణం ఆయనకు మాత్రం నాలుగేళ్లయినా ఈ సంగతి తలకెక్కలేదు. "పొద్దస్తమానం ఆడుకోవడమేనా అండీ మీకు పని? ఎంత అదృష్టం!" అంటాడు మెట్ల దగ్గర కనబడినప్పుడల్లా. ఒక్క వారం పైకి వచ్చి కూర్చుంటే ఆ అదృష్టం ఎలాంటిదో ఆయనకే తెలిసేది.

ముగ్గురిలో ఇళ్లు కట్టే ఆవిడను మేస్త్రి అంటారు. ఇటుకలూ సిమెంటూ కాదు, తెర మీద గోడలు లేపి, తలుపులు బిగించి, లోపల సామాను సర్దుతుంది. ముప్ఫై ఆరేళ్ల మొండిఘటం. ఒక కిటికీ రెక్క తెరిచి ఉండాలా మూసి ఉండాలా అని రెండు రోజులు పోట్లాడగలదు. కోడు రాసే ఆయన పూర్వాశ్రమంలో లెక్కల టీచరు, అందుకని అందరికీ మాస్టారే. ఎవరైనా తప్పు చేస్తే ఇప్పటికీ చేతిలో సుద్దముక్క ఉన్నట్టే వేళ్లు ఆడిస్తాడు. మూడో మనిషి ఒక అమ్మాయి, ఆ పిల్లను చప్పుడు అంటారు. తలుపు కిర్రుమనడం, కుళాయి చుక్కలు పడటం, చెక్క మెట్టు మూలగడం అన్నీ ఆ పిల్ల ఎక్కడెక్కడినుంచో పట్టుకొచ్చేవే. మనిషి మాత్రం పిల్లిలా నడుస్తుంది. వెనక నిలబడి "అక్కా" అన్నప్పుడల్లా మేస్త్రి ఉలిక్కిపడి కీబోర్డు మీద ఏదో ఒకటి ఒలకబోస్తుంది.

ఈసారి వాళ్లు తయారుచేసిన ఆట ఒక ఖాళీ ఇల్లు. ఇంట్లోవాళ్లు వెళ్లిపోయారు, సామాను మిగిలింది. ఆడేవాళ్లు తాళం తీసుకుని లోపలికి వెళ్లి, ఏడు గదులూ తిరిగి, వస్తువులు చూసి చివర్లో ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఈ ఇంట్లో ఎంతమంది ఉండేవారు? అంకె సరిగ్గా నొక్కితే ఆ మనుషుల్లో ఒక్కొక్కరి గురించి నాలుగేసి వాక్యాలు తెర మీదికి వస్తాయి. ఇంట్లో ఎక్కడా ఫొటో ఉండదు, ఉత్తరం ఉండదు, పేరు రాసిన కాగితం ముక్క ఉండదు. చెబితే వస్తువులే చెప్పాలి.

గొడవంతా అక్కడే వచ్చింది. ఉత్తరాలు రెండు, డైరీ ఒకటి పెట్టకపోతే జనానికి అంతుపట్టదని మాస్టారి వాదన. "కాగితం మీద రాసి చూపించేటట్టయితే ఇల్లెందుకు కట్టడం? ఉత్తరమే అమ్ముకుందాం" అని మేస్త్రి. ఎనిమిది నెలలు ఆ ఇంట్లోనే కాపురమున్నంత పని చేసింది మరి. చివరికి పందెం వేసుకున్నారు. జన్మలో ఎన్నడూ వీడియో గేము ఆడనివాళ్లను ఐదుగురిని పిలవాలి. ఐదుగురూ సరిగ్గా చెబితే మేస్త్రి మాట నెగ్గినట్టు. ఒక్కరు తప్పినా ఉత్తరాలూ డైరీ వచ్చి కూర్చుంటాయి, మేస్త్రి నోరెత్తకూడదు. ఆట విడుదల శుక్రవారం. అమ్మే సైటువాళ్లు ఇప్పటికే రెండుసార్లు తేదీ మార్చి ఇచ్చారు, మూడోసారి అడిగే మొహం వీళ్లకు లేదు.

మేస్త్రికి ధీమా ఎక్కడిదంటే, మాస్టారు రాసుకున్న పట్టికలోంచే వచ్చింది. ఇంట్లో మూడు వందల పన్నెండు వస్తువులు. ప్రతి దాని పక్కనా అది ఎవరిదో రాసి ఉంటుంది. అమ్మవి నూట నాలుగు, నాన్నవి ఎనభై ఏడు, కూతురివి ఎనభై. మిగిలిన నలభై ఒకటీ ఎవరివీ కావు. మూల బోసిగా కనిపించినప్పుడు, గోడ వెలితిగా అనిపించినప్పుడు మేస్త్రి కళ్లు మూసుకుని, ముందు ఏది తోస్తే అది గీసి పెట్టేసింది. పట్టికలో వాటి పక్కన 'నింపుడు' అని ఉంటుంది. కనుక జవాబు మూడు. అందులో ఎవరికీ అనుమానం లేదు.

సోమవారానికి నలుగురయ్యారు. బస్సు కండక్టరు, పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరు, వీధి చివర దర్జీ ఆవిడ, రిటైరైన హెడ్ క్లర్కు. ఆట ఆడిస్తున్నంతసేపూ ఆ స్టూడియోలో ఒక కట్టుబాటు ఉంది. ముగ్గురూ వెనక వరసగా కుర్చీలేసుకుని కూర్చోవాలి, ఒక్క ముక్క మాట్లాడకూడదు, దగ్గకూడదు, నిట్టూర్చకూడదు. హెడ్ క్లర్కుగారు బయటి తలుపు తియ్యడం తెలియక పన్నెండు నిమిషాలు గోడను గుద్దుకుంటుంటే మేస్త్రి తన చేతులు తనే పట్టుకుని కూర్చుంది. అయినా సరే, నలుగురూ మూడు అనే నొక్కారు. మాస్టారి మొహం మాడిపోయింది.

ఐదో మనిషి పిలవకుండానే వచ్చింది. మంగళవారం పొద్దున మేస్త్రి పెద్దమ్మ, అంటే వాళ్లమ్మకు అక్క, ఫోను పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఆవిడకు అరవై తొమ్మిదేళ్లు. కాలేజీ హాస్టలు వంటశాలలో అజమాయిషీ చేసి రిటైరైంది. బస్సు ఆఖరి స్టాపు దగ్గర ఒంటిగదిలో ఒక్కతే ఉంటుంది.

"ఇందులో అక్షరాలు చీమల్లా ఉన్నాయే అమ్మాయ్. కాస్త పెద్దవి చేసి పెట్టు, పోతా."

"పోదువుగానిలే పెద్దమ్మా. నువ్వెప్పుడైనా వీడియో గేము ఆడావా?"

"నాకేం పొయ్యేకాలం!"

మాస్టారూ మేస్త్రీ మొహాలు చూసుకున్నారు. చప్పుడు అప్పటికే కుర్చీ లాగి దులుపుతోంది. పెద్దమ్మ ముందు వద్దంది, తర్వాత చూపు ఆనదంది, ఆ తర్వాత కళ్లజోడు తుడుచుకుని కూర్చుంది. చప్పుడు ఆవిడ చేతిని మౌసు మీద పెట్టి, కదిలించడం ఎలాగో నేర్పి, వెనక్కి వచ్చి మూతి బిగించుకుంది.

మొదటి పది నిమిషాలూ పెద్దమ్మ ఇంటి పైకప్పు చూసింది. ఎటు తిప్పినా పైకప్పే వస్తోంది. "ఈ ఇంటివాళ్లు బొత్తిగా బూజు దులపలేదు" అంది. నవ్వు ఆపుకోలేక చప్పుడు అరచెయ్యి కొరుక్కుంది. ఎలాగో చూపు కిందికి దిగింది, కాళ్లు కదిలాయి. అక్కడినుంచి ఆవిడ నడక చూసి మేస్త్రికి ఆశ్చర్యమేసింది. మిగతా నలుగురూ లోపలికి రాగానే బీరువాలూ సొరుగులూ లాగారు. ఈవిడ వాటి జోలికే పోలేదు. వంటగదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసి దాని వెనక్కి చూసింది. చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. తర్వాత మెట్ల కిందికి వంగింది. కుట్టుమిషను పక్కన ఆగింది. స్నానాల గదిలో అద్దం వదిలేసి, దాని కింద గోడ చూసింది. తప్పిపోలేదు, తడబడలేదు. మౌసు పట్టుకోవడం రాని మనిషి ఆ ఇంట్లో చీకట్లో కూడా నడిచేలా ఉంది.

ముప్పావుగంటకు ప్రశ్న వచ్చింది. పెద్దమ్మ ఒక్క క్షణమైనా ఆలోచించలేదు, నాలుగు నొక్కింది. నొక్కి, కుర్చీలో కాస్త వెనక్కి వాలింది కూడా.

తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆవిడ కూడబలుక్కుని బయటికే చదివింది. "లేదు. మీరు ఈ ఇంటిని సరిగ్గా చూడలేదు."

మళ్లీ నాలుగే నొక్కింది. మళ్లీ అదే వచ్చింది. మూడోసారి ఇంకాస్త గట్టిగా నొక్కింది. అంకె మారనప్పుడు జవాబు మాత్రం ఎందుకు మారుతుంది!

పందెం పోయింది. ఎనిమిది నెలల పట్టుదల ఆఖరి మనిషి దగ్గర, అదీ సొంత పెద్దమ్మ చేతిలో మట్టికొట్టుకుపోయింది. మేస్త్రికి ఒళ్లు మండింది. కట్టుబాటూ గిట్టుబాటూ మరిచిపోయి, "ముగ్గురే పెద్దమ్మా! అమ్మ, నాన్న, కూతురు. నాలుగోవాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారు?" అనేసింది.

పెద్దమ్మ కుర్చీ తిప్పి మేస్త్రి మొహంలోకి చూసింది. కోపంగా కాదు. ఏదో వెతుకుతున్నట్టు చూసింది.

"అంతేనంటావా?" అంది. "సరేలే. నువ్వు కట్టిన ఇల్లు, నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఫోను అయిందా?"

చప్పుడు అక్షరాలు పెద్దవి చేసిన ఫోను చేతికిచ్చింది. కాసిని మంచినీళ్లు తాగి, మాస్టారికి చెప్పి, పెద్దమ్మ మెట్లు దిగి వెళ్లిపోయింది. మేస్త్రి కిందిదాకా వెళ్లి బస్సెక్కించలేదు. అంత చిరాకులో ఉంది.

మాస్టారు నెగ్గాడు గనుక వెంటనే కూర్చుని ఉత్తరం రాయాలి. రాయలేదు. లెక్కల మనిషికి తప్పు జవాబు వచ్చిందంటే అది ఎలా వచ్చిందో తేలేదాకా అన్నం సయించదు.

"తప్పు చెప్పేవాళ్లు మూడుసార్లూ ఒకే తప్పు చెప్పరు, మేస్త్రీ. రెండోసారి రెండనో ఐదనో అంటారు. ఈవిడకి ఏదో కనబడింది" అన్నాడు.

ఆడేవాళ్లు ఎక్కడ ఆగి, దేన్ని ఎంతసేపు చూశారో ఆట దానంతటదే రాసి పెట్టుకుంటుంది. మాస్టారు అది తెరిచాడు. పెద్దమ్మ ఇరవై మూడు చోట్ల ఆగింది. ఆ ఇరవై మూడింటినీ తన పట్టికతో పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. చూసి, సుద్దముక్క లేని వేళ్లు గాల్లో నిలిపి ఉండిపోయాడు.

"రండి, రండి. ఇద్దరూ రండి. నాలుగు చోట్ల కిటికీలోంచి బయటికి చూసింది, అవి తీసెయ్యండి. మిగిలినవి పంతొమ్మిది. పంతొమ్మిదికి పంతొమ్మిదీ నింపుడు సామానే!"

"అంటే?" అంది చప్పుడు.

"అంటే మనం ఎవరివీ కావనుకున్నవాటిని మాత్రమే చూసింది ఆవిడ. మనవైపునుంచి ఇది తప్పే. కానీ ఇంత చక్కటి తప్పు నేను ఇరవై ఏళ్లలో దిద్దలేదు."

ఆ మధ్యాహ్నం ఉత్తరం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మాస్టారు ఇంట్లోంచి అమ్మ, నాన్న, కూతురు ముగ్గురి వస్తువులూ తీసేశాడు. రెండు వందల డెబ్బై ఒక్క వస్తువులు ఒక్క మీట నొక్కితే మాయమయ్యాయి. ఖాళీ గదుల్లో నలభై ఒక్క వస్తువులు మిగిలాయి. వాటి మధ్య ముగ్గురూ తిరగడం మొదలుపెట్టారు. వాళ్ల ఆటను వాళ్లే ఆడుతున్నట్టు, అదీ మొదటిసారి ఆడుతున్నట్టు ఉంది.

"వంటగది తలుపు వెనక స్టూలు. పొట్టిది. బల్ల దగ్గర కుర్చీలు మూడున్నాయిగా, ఇక్కడ స్టూలెందుకు?" అన్నాడు మాస్టారు.

"ఒకరు అక్కడ కూర్చుని తింటారు" అంది చప్పుడు. "తలుపు దగ్గరికేస్తే గానీ స్టూలు బయటికి రాదు. అంటే ఇంట్లో అందరి భోజనాలూ అయిపోయాక, తలుపు వేసుకుని తింటారు."

"స్నానాల గదిలో అద్దం కింద మేకు ఉంది. మిగతా మేకులకంటే జానెడు కిందికి ఉంది. పొట్టి మనిషి" అన్నాడు మాస్టారు.

"కూతురిదేమో?"

"కూతురి తువ్వాలు పైమేకుకుంది. పట్టిక చూడు. మెట్ల కింద రేకు పెట్టె. బట్టలు బీరువాలో పెట్టుకోవడానికి చోటు లేని మనిషిదన్నమాట."

"లేకపోతే చోటు అడగని మనిషిది" అంది చప్పుడు. "కుట్టుమిషను వెనక చుట్టిన పరుపుంది చూశారా? పగలు కనబడకూడదని చుట్టేశారు. దారం కట్టిన కళ్లజోడు. పిడి విరిగిన కప్పులో దువ్వెన. నెప్పుల మందు డబ్బీ. ఆడమనిషి, మాస్టారూ. నలభై దాటినామె. చుట్టపుచూపుగా వచ్చిన మనిషి కాదు, ఏళ్ల తరబడి ఉన్నామె. భలే ఉంది! అక్కా, ఈమెనెవరు పెట్టారు ఇక్కడ? నువ్వేనా?"

మేస్త్రి కళ్లు ఆ స్టూలు మీదే ఉన్నాయి. దానికి ఒక కాలు పొట్టి, కింద మడతపెట్టిన అట్టముక్క ఉంది. ఆ అట్టముక్క తనెందుకు గీసింది? ఎవరూ గమనించని మూలలో, ఎవరిదీ కాని స్టూలుకు, అంత పనిగట్టుకుని ఎందుకు గీసింది? గీస్తున్నప్పుడు ఆలోచించలేదు. స్టూలంటే అలాగే ఉంటుంది అనుకుంది, అంతే. ఆ అట్టముక్క జారిపోతే స్టూలు టక్కుమని ఒరుగుతుంది. ఒరిగినప్పుడు ఒక చెయ్యి కిందికి వచ్చి దాన్ని సర్దుతుంది. కింద కూర్చుని ఆ కాళ్ల మధ్యలోంచి తొంగిచూసే చిన్నపిల్లకు ఆ చెయ్యి బాగా తెలుసు.

ఆ చెయ్యి పెద్దమ్మది.

మేస్త్రికి రెండేళ్లప్పుడు, మొగుడు పోయాక, పది రోజులుండి వెళ్దామని వాళ్లింటికి వచ్చింది పెద్దమ్మ. పదకొండేళ్లు ఉంది. తర్వాత హాస్టల్లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయింది. మేస్త్రి ఇదంతా మరిచిపోయిందని కాదు. అడిగితే చెప్పేదే. పెద్దమ్మ స్టూలు, పెద్దమ్మ మేకు, పెద్దమ్మ పెట్టె, అన్నీ వేళ్లకు గుర్తున్నాయి. ఇంట్లో ఎంతమంది అని లెక్కపెట్టే దగ్గరికొచ్చేసరికి మనిషి మాత్రం లెక్కలోకి రాలేదు. ఆ మనిషిని ఈ పొద్దున ముందు కూర్చోబెట్టుకుని, నువ్వు ఇల్లు సరిగ్గా చూడలేదని మూడుసార్లు చెప్పించింది. మిషను చెప్పింది చాలనట్టు నాలుగోసారి తను కూడా చెప్పింది.

శబ్దాల గదిలోకి పోయి తలుపేసుకుని అమ్మకు ఫోను చేసింది.

"అమ్మా, నా చిన్నప్పుడు మనింట్లో ఎంతమందిమి ఉండేవాళ్లం?"

"ఇదేం ప్రశ్నే? ముగ్గురం."

"పెద్దమ్మో?"

"అక్క ఉండేది. లేదని ఎవరన్నారు? అక్కంటే ఇంట్లో మనిషే కదా. ఆవిణ్ణి మళ్లీ విడిగా లెక్కపెట్టడమేంటి?" అంది అమ్మ. ఆమె గొంతులో ఇసుమంతైనా తప్పుచేసిన జంకు లేదు. నిజంగానే అలా అనుకుంటోంది.

మేస్త్రి బయటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. చెబుతుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చప్పుడు వచ్చి పక్కన నిలబడింది. మాస్టారు చాలాసేపు తెర వంక చూసి, పట్టికలో నలభై ఒక్క చోట్లా 'నింపుడు' అన్నమాట ఒక్కొక్కటే చెరిపేశాడు. ఒకేసారి చెరిపే మీట ఉంది. ఆయన దాన్ని వాడలేదు.

"జవాబు నాలుగు" అంది మేస్త్రి. "నలుగురు తప్పు చెప్పారు, ఒక్కరే సరిగ్గా చెప్పారు. పందెం ఎలా చూసినా నేను ఓడిపోయా. ఉత్తరాలు పెట్టండి మాస్టారూ."

"ఎవరు రాస్తారు ఉత్తరం?" అన్నాడు మాస్టారు. "ఆ ఇంట్లోవాళ్లు ఎవరు రాసినా అందులో ఆవిడ ఉండదు. ఉత్తరం పెడితే జనం దాన్నే నమ్మి మళ్లీ మూడే నొక్కుతారు. వద్దు. ఇల్లు ఇలాగే ఉండనీ. నువ్వు కూర్చుని ఆవిడ గురించి నాలుగు వాక్యాలు రాయి. శుక్రవారం విడుదల చేద్దాం."

నాలుగు వాక్యాలే కదా అనుకుంది మేస్త్రి. బుధవారం అంతా కూర్చుంది. అమ్మ గురించి, నాన్న గురించి రాసినప్పుడు నాలుగు వాక్యాల్లో కుదించలేక తంటాలు పడింది. పెద్దమ్మ గురించి రాయబోతే వండింది, ఉతికింది, జడ వేసింది, తలుపులు వేసింది అని నాలుగు వచ్చాయి. చదువుకుంటే అందులో ఆ ఇంటి చాకిరీ ఉంది, మనిషి లేదు. చెరిపేసింది. పెద్దమ్మకు ఏమంటే ఇష్టం? దేనికి నవ్వేది? తన కోసమని ఏం చేసుకునేది? ఒక్కదానికీ జవాబు తెలియదు. పదకొండేళ్లు ఆవిడ చేతి అన్నం తిన్న మనిషికి ఇవి తెలియకపోవడం ఏమిటని తనను తనే తిట్టుకుంది. తిట్టుకుంటే మాత్రం వాక్యాలు వస్తాయా?

గురువారం మధ్యాహ్నం లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆఖరి స్టాపులో దిగింది. మూడో అంతస్తు. ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కుర్చీ, కిటికీ. గదిలో వస్తువులన్నీ ఎక్కడివక్కడ ఎదురుగానే ఉన్నాయి. దేనివెనకా ఏమీ దాచి లేదు. పెద్దమ్మ మేస్త్రికి కుర్చీ చూపించి తను మంచం మీద కూర్చుంది.

"నీకెప్పుడు తెలిసింది పెద్దమ్మా?" అంది మేస్త్రి, ముందూ వెనకా లేకుండా.

దేని గురించని పెద్దమ్మ అడగలేదు. "ముందు తెలీలేదు. గోడలన్నీ ఏదో వేరే రంగేశావుగా. వంటగది తలుపు వెనక్కి చూశాను, అక్కడ తెలిసింది."

"అప్పుడే నాతో అనొచ్చుగా!"

"ఎందుకనాలి? నా స్టూలు, నా మేకు, నా పెట్టె, అన్నీ ఒక్కటి కూడా వదలకుండా పెట్టావు. ఈ పిల్లకి నేను ఇంత గుర్తున్నానా అని ఎంత మురిసిపోయాననుకున్నావు! నవ్వొస్తోంది గానీ, కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. ఆ మురిపెంలోనే నాలుగు నొక్కాను."

ఆ తర్వాత తెర ఏమందో ఇద్దరికీ తెలుసు. మేస్త్రికి తలెత్తి చూడాలంటే సిగ్గేసింది.

"తప్పయిపోయింది పెద్దమ్మా."

"ఊరుకో. మిషనంటే మిషను."

"మిషను కాదు. ఆ మాట రాసింది నేనే."

పెద్దమ్మ సంచి వంక చూసి, "అది తెచ్చావా? ఏదీ, పెట్టు" అంది.

మేస్త్రి లాప్‌టాప్ తెరిచి మంచం మీద పెట్టింది. ప్రశ్న దాకా తనే తీసుకొచ్చింది. పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని, వేలు ఎత్తి, మూడు నొక్కింది.

"అయ్యో, అది కాదు..."

"తెలుసులేవే. ఏమంటుందో చూద్దామని."

అక్షరాలు వచ్చాయి. పెద్దమ్మ మళ్లీ కూడబలుక్కుంటూ బయటికే చదివింది. "నేనూ ముగ్గురనే అనుకున్నాను. ఈ ఇల్లు కట్టింది నేనే, అయినా అలాగే అనుకున్నాను. ఇంకోసారి చూద్దాం రండి."

చదివి ఆగింది. పెదాలు కదుపుతూ మళ్లీ మొదటినుంచి చదువుకుంది. "ఇది నయం" అని, ఈసారి నాలుగు నొక్కింది.

అమ్మ గురించి వచ్చింది. నాన్న గురించి, కూతురి గురించి వచ్చింది. అవి ఒక్కొక్కటీ చదివి పెద్దమ్మ తలాడించింది. నాలుగో చోట తెర ఖాళీగా ఉంది.

"ఇక్కడేం లేదేంటే?"

"రాయడానికి నాకేమీ తెలీదు పెద్దమ్మా. నిన్నంతా కూర్చున్నా. చాకిరీ తప్ప ఏమీ రాలేదు. అది తీసేశా. రేపు పొద్దున్న విడుదల. నువ్వే చెప్పాలి. ఏదైనా సరే. నీ కోసం నువ్వు చేసుకున్నది ఏదైనా ఉంటే చెప్పు."

"నన్నెవరు అడిగారు ఇవన్నీ!" అంది పెద్దమ్మ. కానీ కాళ్లు మంచం మీదికి తీసుకుని, సర్దుకుని కూర్చుంది. కిటికీ వైపు చూస్తూ కాసేపు తనలో తనే నవ్వుకుంది.

"నాలుగున్నరకి లేచేదాన్ని, తెలుసా?"

"తెలుసు. పాలు, నీళ్లు..."

"పాలబ్బాయి వచ్చేది ఐదున్నరకి. నీళ్లు వచ్చేది ఆరింటికి. మీరు ముగ్గురూ పడకగదిలో గుర్రుపెట్టి నిద్రపోతుండేవాళ్లు."

మేస్త్రి ఇంతవరకూ ఆ లెక్క వేసి చూడలేదు. ఆ ఇంట్లో ఎవరూ వేసి ఉండరు. "మరి ఆ గంటసేపు ఏం చేసేదానివి?"

"తిరిగేదాన్ని" అంది పెద్దమ్మ. "ఏ పనీ ముట్టుకునేదాన్ని కాదు. చెప్పుల్లేకుండా గది తర్వాత గది ఇల్లంతా తిరిగేదాన్ని. మీ నాన్న కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చునేదాన్ని. మీ అమ్మ అద్దం ముందు నిలబడి, ఆవిడ సెంటు ఒక్క చుక్క రాసుకునేదాన్ని. నీ బల్ల దగ్గర కూర్చుని నీ బొమ్మల పుస్తకాలన్నీ చూసేశాను. వరండాలో కూర్చుని వచ్చేపోయేవాళ్లని ఇంటి యజమానిలాగా చూసేదాన్ని. ఆ గంటసేపు ఆ ఇల్లంతా నాదేనే! నీ ఆట నాకంత తేలిగ్గా ఎలా వచ్చిందనుకున్నావు? మనుషులు లేని ఇంట్లో తిరగడం నాకు కొత్తా?"

మేస్త్రి రాసుకోవడం మరిచిపోయింది. తనకు తెలిసిన స్టూలు మీది మనిషి ఎక్కడికో పోయి, చీకటి వీడని ఇంట్లో కుర్చీ తర్వాత కుర్చీ మారుతూ, సెంటు వాసనతో, చప్పుడు లేకుండా తిరిగే ఒక ఆడమనిషి కళ్లకు కట్టింది. ఆమెను ఇంకా ఎన్నో అడగాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది.

"అద్దం ముందు ఉన్నప్పుడు ఎవరైనా లేస్తే?" అంది చివరికి.

"ఎవరు లేస్తారు! పదకొండేళ్లలో ఒక్కరోజు కూడా మీకెవరికీ దొరకలేదు" అంది పెద్దమ్మ గర్వంగా.